రాత్రికి రాత్రి ఎవరి జన్యువులూ మారవు: ఒక వీడియోపై ఖండన

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక వీడియో తిరుగుతోంది. సినిమాల ముక్కలను అతికించి, వాటి మీద ఒక గొంతు ఎంతో ధీమాగా అయిదు మాటలు చెబుతుంది: జన్యు చికిత్స సూది ఒక్కటి వేస్తే రాత్రికి రాత్రి ఒంట్లోని జన్యువులన్నీ మారిపోతాయనీ, దానితో పూర్వీకుల జ్ఞాపకాలనూ తెలివినీ బలాన్నీ మేల్కొల్పవచ్చుననీ, అందులో వాడే వైరస్ బయటపడితే ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోతాయనీ, ఒక తరానికి చికిత్స చేస్తే వంశంలోని దోషం పోతుంది గనుక మేనరికాలకు ఇక భయపడనక్కర లేదనీ, ఇదంతా మన దేశానికి అందకుండా దాచిపెడుతున్నారనీ. చివర ఒక ఫోన్ నంబరు, కండరాల బలహీనత ఉన్న పిల్లలను తీసుకురమ్మనే పిలుపు ఉన్నాయి. తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం చెప్పే నన్ను ఇది నిజమేనా అని అడిగినవారిలో, ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసీమియా అనే వంశపారంపర్య వ్యాధి ఉన్న బిడ్డకు రక్తం ఎక్కించడానికి పల్లె నుంచి పెద్దాసుపత్రికి వచ్చే ఒక తల్లి కూడా ఉన్నారు. ఆమె వంటివారి కోసమే ఈ జవాబు.

మొదటి మాటలో కొంత నిజం ఉంది, అందుకే అది సులభంగా నమ్మిస్తోంది. పదహారు కోట్ల సూది అని మన పత్రికలు రాసిన జోల్‌జెన్‌స్మా అనే మందు నిజంగానే ఒక్కసారి మాత్రమే నరం ద్వారా ఎక్కించే జన్యు చికిత్స. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ అనే వ్యాధి ఉన్న, రెండేళ్లు నిండని పిల్లల కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని 2019 మే నెలలో ఆమోదించింది. అయితే అది చేసే పని ఏమిటి? కండరాలను కదిలించే నాడీకణాలు బతకడానికి అవసరమైన ఎస్ఎంఎన్1 అనే ఒకే ఒక జన్యువు నకలును ఆ కణాలకు చేరుస్తుంది. మనిషిలో ప్రొటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు ఇరవై వేలు ఉంటే, అందులో ఒక్కదాని లోటును, శరీరంలోని కొన్ని కణాల్లో మాత్రమే, అది పూడుస్తుంది. బిడ్డకు పుట్టుకతో వచ్చిన లోపపు జన్యువు ఉన్నచోటనే ఉంటుంది. అప్పటికే చనిపోయిన నాడీకణాలు తిరిగి పుట్టవు. లక్షణాలు కనిపించకముందే మందు అందిన పిల్లలు కూర్చోవడం, నడవడం నేర్చుకోగలిగారు, ఆలస్యంగా అందినవారిలో మేలు పరిమితంగానే ఉంది. తెరమీద చికిత్స జరిగిన మరుక్షణం మంచం మీద నుంచి లేచి పరుగెత్తే దృశ్యానికీ దీనికీ పోలిక లేదు.

జన్యువులోనే మార్పు చేసే చికిత్సలు కూడా ఒక్క పూటలో ముగిసేవి కావు. డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో తయారై, 2023 నవంబరులో బ్రిటన్‌లోనూ, ఆ మరుసటి నెలలో అమెరికాలోనూ ఆమోదం పొందిన కాస్‌జెవీ ఇందుకు ఉదాహరణ. అమెరికాలో మొదట సికిల్ సెల్ అనే రక్తవ్యాధికీ, 2024 జనవరిలో తలసీమియాకూ దానిని అనుమతించారు. రోగి రక్తం నుంచి మూలకణాలను వేరుచేసి, ప్రయోగశాలకు పంపి, పిండదశలో ఉండే హిమోగ్లోబిన్‌ను పుట్టిన తరువాత అణచిపెట్టే బీసీఎల్11ఏ అనే జన్యువు రక్తకణాల్లో పనిచేయకుండా చేస్తారు. తరువాత తీవ్రమైన కీమోథెరపీతో రోగి ఎముక మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలను తిరిగి ఎక్కిస్తారు. ఇందుకు నెలలు పడుతుంది, అందులో కొన్ని వారాలు ఆస్పత్రిలోనే గడపాలి, సంతాన సామర్థ్యం దెబ్బతినే ప్రమాదమూ ఉంది. ఇక్కడ కూడా తలసీమియాకు కారణమైన లోపం అలాగే ఉంటుంది, పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవడంతో శరీరం దానిని దాటి బతకడానికి వేరొక దారి దొరుకుతుంది, అంతే. నన్ను అడిగిన ఆ తల్లికి నేను ఎంతో ఆశతో చెప్పగలిగిన వార్త ఇది, కాని దీనిని ఒక సూదిగా చెబితే ఆమెను మోసగించినట్టే అవుతుంది.

పూర్వీకుల జ్ఞాపకాల మాట నేరుగా 2011లో వచ్చిన "సెవెన్త్ సెన్స్" సినిమా నుంచి తీసుకున్నది. అందులో జన్యుశాస్త్రం చదివే ఒక అమ్మాయి, సుమారు పదిహేను వందల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువు బోధిధర్ముని విద్యలను అతని వారసుడి డీఎన్ఏ నుంచి మేల్కొల్పుతుంది. కథగా దానిని చూసి ఆనందించడంలో తప్పేమీ లేదు. కాని మనం నేర్చుకున్న విద్య మెదడులోని నాడీకణాల మధ్య ఏర్పడే సంధుల్లో ఉంటుంది గాని, అండంలోనో వీర్యకణంలోనో రాసి ఉండదు, అందుకే సంగీత విద్వాంసుల పిల్లలు కూడా సరళీ స్వరాల నుంచే మొదలుపెడతారు. ఇంకొక లెక్క కూడా ఉంది. ప్రతి తరంలోనూ ఒక పూర్వీకుని వాటా సగమవుతుంది, పది తరాలకు అది సగటున వెయ్యో వంతుకు దిగిపోతుంది. పదిహేను వందల ఏళ్ల నాటి ఒక మనిషి డీఎన్ఏ ముక్క ఒక్కటైనా నేటి వారసునిలో మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ. మేల్కొల్పడానికి అసలు అక్కడ ఏదైనా ఉండాలి కదా! తెలివి సంగతి పక్కన పెట్టి, కేవలం ఎత్తునే తీసుకుందాం: 54 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించి 2022లో ప్రచురించిన పరిశోధనలో ఎత్తుతో ముడిపడిన తేడాలు పన్నెండు వేలకు పైగా తేలాయి. ఏ ఒక్క జన్యువును మార్చినా మహామేధావి తయారు కాడు.

వైరస్ భయానికి మూలం "ఐ యామ్ లెజెండ్" వంటి చిత్రాలు. అందులో క్యాన్సర్‌ను నయం చేయడానికి మార్చిన తట్టు వైరస్ మానవజాతినే కబళిస్తుంది. నిజానికి చికిత్సలో జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే వాహకంగా సాధారణంగా వాడే ఏఏవీ వంటి వైరస్ నుంచి దాని సొంత జన్యువులను ముందే తొలగిస్తారు. లోపలి ఉత్తరాన్ని తీసేసి మన ఉత్తరం పెట్టి అతికించిన కవరు వంటిది అది, చేరవలసిన చోటికి చేరుతుంది గాని తన సంతతిని పెంచుకోలేదు. కనుక ఊరికి అంటుకోదు. అయితే ప్రమాదమే లేదని చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు, ఎక్కించిన వైరస్ వాహకంపై తన శరీరమే చేసిన తీవ్ర ప్రతిచర్యకు బలయ్యాడు. పారిస్, లండన్ నగరాల్లో పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ఇరవై మంది పిల్లలకు చేసిన చికిత్స ఎక్కువమందికి ప్రాణం పోసినా, అయిదుగురికి రక్తక్యాన్సర్ తెచ్చింది, అందులో ఒకరు మరణించారు. కొత్త జన్యువు వెళ్లి క్యాన్సర్‌ను ప్రేరేపించగల జన్యువు పక్కన చేరడమే కారణమని తేలాక వాహకాలనే మార్చారు. ఈ ప్రమాదాలు రోగికి సంబంధించినవి, వాటిని వైద్యుడు దాచకుండా చెప్పాలి, కుటుంబం తెలుసుకొని ఒప్పుకోవాలి.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించింది మేనరికం గురించిన మాట. మన వైపు మేనత్త మేనమామ పిల్లల మధ్యనే కాక, అక్క కూతురిని చేసుకునే పెళ్లిళ్లు కూడా ఇంకా జరుగుతున్నాయి. మేనబావ మరదళ్లలో సగటున ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్లలో నాలుగో వంతు జన్యువులు ఒకే మూలం నుంచి వచ్చినవై ఉంటాయి. లోపాన్ని మోసేవారు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు, ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నేడు ఆమోదం ఉన్న చికిత్సలన్నీ శరీర కణాలకే పరిమితం. చికిత్స పొంది బాగుపడిన వ్యక్తి అండంలో గాని వీర్యంలో గాని ఆ లోపం యథాతథంగా ఉండి, తరువాతి తరానికి వెళ్తుంది. వంశాన్నే మార్చే విధంగా పిండంలో జన్యువులను దిద్దడం మన దేశంలో నిషిద్ధమని భారత వైద్య పరిశోధన మండలి 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పని చేశానని 2018లో ప్రకటించిన చైనా శాస్త్రవేత్త హే జియాన్‌కుయికి అక్కడి న్యాయస్థానం మూడేళ్ల జైలు విధించింది. తలసీమియాను మోస్తున్నారా లేదా అన్నది పెళ్లికి ముందు ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది. వీడియో మాట నమ్మి ఆ పరీక్షను మానుకుంటే జరిగే నష్టాన్ని ఏ జన్యు చికిత్సా తీర్చలేదు.

దాచిపెడుతున్నారన్న ఆరోపణకు జవాబు చిత్తూరుకు దగ్గరలోనే ఉంది. వేలూరు సీఎంసీలో రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా వ్యాధి తీవ్రంగా ఉన్న అయిదుగురికి చేసిన జన్యు చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో అమెరికాకు చెందిన న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో బహిరంగంగా వెలువడ్డాయి. ఐఐటీ బొంబాయి, ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి కృషితో రూపొంది, జన్యువు మార్చిన రోగి కణాలతోనే రక్తక్యాన్సర్‌ను ఎదుర్కొనే నెక్స్‌కార్19 చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి లభించింది, దాని ఖర్చు అమెరికా ధరలో సుమారు పదో వంతు. ఇవి అందరికీ అందుబాటులో లేవన్నది నిజం, అందుకు కారణం ఖరీదు.

ఇక ఆ ఫోన్ నంబరు. మన దేశంలో మనుషులపై చేసే ప్రతి ఔషధ పరీక్షనూ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి, అందులో పాల్గొనే రోగి నుంచి పరీక్షలోని మందుకు డబ్బు తీసుకోకూడదు, హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. కనుక బిడ్డను తీసుకొని బయలుదేరే ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: ఏ జన్యువును, ఏ కణాల్లోకి పంపుతారు? నమోదు సంఖ్య ఎంత? డబ్బు ఎందుకు అడుగుతున్నారు? సంఖ్య చెబితే రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు. చెప్పకపోతే, పొలం అమ్మి తెచ్చిన డబ్బును అక్కడ కట్టవద్దు, బిడ్డకు అక్కడ సూది వేయించవద్దు.