చుక్కా గీతా రానివాడికి లైసెన్సా? హవ్వ!

సరదా కోసం సొంత రేడియో స్టేషన్ పెట్టుకుని దూరదూరాల వాళ్లతో మాట్లాడే హ్యామ్ రేడియోకి లైసెన్సు కావాలంటే, చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్ వచ్చి తీరాలి. ఇందులో చర్చకు తావే లేదు. సెల్‌ఫోన్ కొన్న ప్రతివాడూ మాట్లాడేయడం వల్లే కదా దేశం ఇలా తయారైంది. కనీసం ఖండాలు దాటే షార్ట్‌వేవ్ రేడియో దగ్గరైనా ఒక గడప ఉండాలి, ఆ గడప దగ్గర కళ్లు మూసుకుని, చెవులు రిక్కించి, చుక్కలూ గీతలూ లెక్కపెట్టుకుంటూ చెమటలు కక్కినవాడే లోపలికి రావాలి.

మన నిబంధనలు రాసినవాళ్లు ఈ సంగతి గ్రహించిన మహానుభావులు. కింది మెట్టు లైసెన్సు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, చాలనుకునే అల్పసంతోషులకు మోర్స్ మాఫీ చేశారు కానీ, ఎక్కువ పవర్ ఉండే జనరల్ గ్రేడ్‌కి మాత్రం నిమిషానికి 8 పదాల వేగంతో వినాలి, పంపాలి అన్నారు. అది పాసయ్యాక దరఖాస్తు పోలీసు ఎంక్వైరీకి వెళ్లేది. ఆ ఫైలు నిమిషానికి ఎన్ని పదాల వేగంతో కదలాలో మాత్రం రాయడం మర్చిపోయినట్టున్నారు, పాపం.

అసలు చెడిందంతా 2003లో. జెనీవాలో ప్రపంచ రేడియో సదస్సు కూర్చుని, షార్ట్‌వేవ్ ఉండే 30 మెగాహెర్ట్జ్‌కి దిగువన హ్యామ్‌లకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ షరతును ఎత్తేసింది, ఇక ఎవరి దేశం ఇష్టం వాళ్లది అంది. బ్రిటన్ ఆ ఏడాదే తీసేసింది. అమెరికాలో హ్యామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్, కనీసం అన్నిటికంటే పై గ్రేడ్‌కైనా 5 పదాల పరీక్ష ఉంచండి మహాప్రభో అని వేడుకున్నా ప్రభుత్వం కనికరించలేదు, 2007 ఫిబ్రవరిలో మొత్తానికే ఎత్తేసింది. అర్హత లేనివాళ్లంతా వచ్చి పడతారు, ఇక రేడియో బ్యాండ్ అంతా బూతులే అని అప్పట్లో పెద్దలు హెచ్చరించారు. ఇప్పుడు అక్కడ లైసెన్సులు 7 లక్షలు దాటాయి, ఆకాశం ఇంకా పైనే ఉంది. పడటానికి టైమ్ పడుతుందేమో, ఓపిక పట్టాలి.

జపాన్ సంగతైతే చెప్పకపోవడమే మంచిది. వాళ్లు 1950ల చివర్లోనే మోర్స్ లేని తరగతి ఒకటి పెట్టి, తక్కువ పవర్‌తో షార్ట్‌వేవ్‌లో మాట్లాడుకోండి అన్నారు. 1990ల నడిమికి 13 లక్షల స్టేషన్లయ్యాయి. ఆ కుర్రాళ్లలో కొందరు పెద్దయ్యాక రేడియోలు తయారుచేసి మనకే అమ్మారు, మనం మోర్స్ పరీక్ష పాసై ఆ రేడియోలే కొనుక్కున్నాం.

ఓడల్లో మోర్స్ స్థానంలో 1999లో ఉపగ్రహాలూ ఆటోమేటిక్ రేడియోలూ వచ్చేశాయి. మన టెలిగ్రామ్ 2013 జులైలో మూతపడింది, అప్పటికి అందులోనూ మోర్స్ పోయి చాలా కాలమైంది. అంటే మోర్స్‌తో నిజంగా పనుండిన ఓడలూ తంతి ఆఫీసులూ దాన్ని వదిలేశాయి, సరదా కోసం వచ్చేవాళ్లకి మాత్రం పరీక్ష పెట్టాలి. తర్కం చూశారా!

ఆపద వస్తే మోర్సే దిక్కు అని మావాళ్ల బ్రహ్మాస్త్రం. 2004 సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం అక్కడే ఉంది, ఫోన్లు మూగబోయిన వేళ కబుర్లు చేరవేసింది. మావాడు బతికున్నాడా అని అడిగే తల్లికి చుక్కలూ గీతల్లో జవాబు చెబితే ఎంత ఊరటగా ఉంటుందో ఊహించుకోండి.

మోర్స్‌కి గొప్పతనం లేకపోలేదు. మాటకి రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కి నూటయాభై హెర్ట్జ్ చాలు, అందుకే అయిదు వాట్లతో సముద్రాలు దాటి వెళ్తుంది, గోలలో మాట మునిగిపోయిన చోట కూడా చెవి ఆ టకటకను పట్టుకుంటుంది. అది నేర్చుకోవడానికి కారణం గానీ పరీక్ష పెట్టడానికి ఎలా అవుతుంది అని కొందరు దుష్టులు అడుగుతారు. వాళ్లతో వాదించకూడదు, మీ కాల్ సైన్, అదే లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు, ఎప్పటిదని అడగాలి. అంతే, నోరు మూసుకుంటారు.

ఎందుకంటే అసలు కారణం పవిత్రమైనది: నేను పడ్డాను, నువ్వూ పడు. అత్తా ఒకింటి కోడలే అంటారు, అందుకే కోడల్ని వదలదు. కాబట్టి సిలబస్ ఇంకా పెంచాలని నా మనవి. అభ్యర్థి వాక్యూమ్ ట్యూబులతో సొంతంగా రిసీవర్ కట్టాలి. షాక్ ఎన్నిసార్లు కొట్టిందో దానికి మార్కులు వేయాలి. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి పెట్టి, కంప్యూటర్లు వాటి పాటికవి మాట్లాడుకుంటుంటే టీ తాగొచ్చే కుర్రాళ్లకి ఆ టీ కప్పు మీద చెంచాతో కాల్ సైన్ కొట్టే పరీక్ష పెట్టాలి.

ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు. పరీక్ష ఎత్తేసిన దేశాల్లో కూడా కొందరు పిల్లలు, ఎవరూ అడగకుండానే, మోర్స్ నేర్చుకుని 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అడుగున నిమిషానికి 25 పదాల వేగంతో దూసుకుపోతున్నారు. పరీక్ష పాసైన రోజున మోర్స్ కొట్టే కీ కట్టిపెట్టిన మా సీనియర్లు వాళ్ల పిలుపుకి జవాబిచ్చి, వెంటనే క్యూఆర్‌ఎస్ పంపుకుంటున్నారు. అంటే, కాస్త మెల్లగా కొట్టు నాయనా అని.