హెర్నియాకు హైదరాబాద్ లేజరే దిక్కా?

"గజ్జల్లో హెర్నియాకు కోత ఆపరేషన్ పాతబడింది, చేయించుకున్నా మళ్లీ వస్తుంది, లేజర్‌తో కోత లేకుండా, జాలీ లేకుండా నయమవుతుంది, అది హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లోనే సాధ్యం, ఆలస్యం చేస్తే పేగు కుళ్లి ప్రాణం పోతుంది" అన్న సందేశం నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ దీన్ని చదివి, మిత్తికి అప్పు తెచ్చి నగరానికి బయలుదేరే ప్రమాదం ఉంది కనుక ఒక్కో మాటనూ పరిశీలించాలి.

హెర్నియా అంటే పొత్తికడుపు గోడ బలహీనపడిన చోట ఏర్పడిన సందులోంచి పేగో, కొవ్వో ముందుకు తోసుకురావడం. నిలబడి దగ్గితే ఉబ్బు పైకి వస్తుంది, వెల్లకిలా పడుకుంటే చాలామందిలో లోపలికి పోతుంది. ఆ సందును మూయాలంటే కుట్లు వేయాలి, లేదా మెష్ అనే జాలీ పరచాలి. లేజర్ కిరణం కోయగలదు, మాడ్చగలదు గాని సందును పూడ్చలేదు. ప్రకటనల్లో లేజర్ పేరుతో కనిపించేది చాలావరకు లాపరోస్కోపీయే, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే ఆపరేషనే. అందులో సాధారణంగా మూడు చిన్న కోతలు ఉంటాయి, దాదాపు 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల జాలీ కూడా ఉంటుంది.

కోత ఆపరేషన్ తిరగబెడుతుందన్న భయం వెనకటి పద్ధతికి చెందినది. 1880లలో ఇటలీ వైద్యుడు బస్సీని మొదలుపెట్టిన పద్ధతిలో కండరాలను లాగి కుట్టేవారు. ఆ బిగువుకు కుట్లు సడలి, చాలామందికి హెర్నియా మళ్లీ వచ్చేది. 1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ బిగువు లేకుండా జాలీ పరిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక పరిస్థితి మారింది. 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు జాలీతో చేసే కోత ఆపరేషన్‌నూ, లాపరోస్కోపీనీ రెండింటినీ సమ్మతించాయి. లాపరోస్కోపీలో తొలి రోజుల నొప్పి తక్కువ, పనికి త్వరగా వెళ్లవచ్చు; రెండు వైపులా హెర్నియా ఉన్నా, ఒకసారి కోత ఆపరేషన్ అయ్యాక తిరిగి వచ్చినా అదే మేలు. కానీ దానికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. ఏళ్ల తరబడి బీడీ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్న పెద్దాయనకు, గుండె జబ్బు ఉన్నవారికి ఆ భాగం వరకే మత్తిచ్చి చేసే కోత ఆపరేషన్ క్షేమం. దాన్ని పేదవాళ్ల వైద్యమని చిన్నచూపు చూడడం అన్యాయం.

జాలీ ఖరీదు గురించీ ఒక మాట చెప్పాలి. ఉగాండాలో జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో, దోమతెర గుడ్డను క్రిమిరహితం చేసి వాడిన జాలీకీ, ఖరీదైన కంపెనీ జాలీకీ ఏడాది తర్వాత హెర్నియా తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఖరీదైన విదేశీ జాలీయే కావాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే కారణం అడగండి.

ఇక హైదరాబాద్ మాట. లాపరోస్కోపీలో చెయ్యి కుదరడానికి సర్జన్‌కు 50 నుంచి 100 ఆపరేషన్లు పడతాయని 2018 నాటి ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. చూడవలసింది ఆ చేతి అనుభవాన్ని, ఊరి పేరును కాదు. మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో, సూర్యాపేటలో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. హెర్నియా జనరల్ సర్జన్లు తరచుగా చేసే ఆపరేషన్లలో ఒకటి. ఎక్కడికి వెళ్లినా, ఈ పద్ధతిలో ఏడాదికి ఎన్ని చేస్తారు, నాకు ఇదే ఎందుకు, ఏ మత్తు ఇస్తారు, మీరు ఆపరేషన్ చేసినవారిలో మూడు నెలలు దాటినా నొప్పి ఉన్నవారు ఎందరు, కత్తి పట్టేది మీరేనా అని సర్జన్‌ను అడగాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే సర్జన్‌ను వదిలేయడమే మంచిది. అప్పు చేసే ముందు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగాలి.

ఆలస్యం చేస్తే పేగు కుళ్లి ప్రాణం పోతుందన్న చివరి మాటలో సగం నిజం ఉంది. ఇబ్బంది అంతగా లేని మగవారిపై అమెరికాలో జరిపిన, 2006లో వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూసినవారిలో పేగు ఇరుక్కుపోవడం వంటి అత్యవసర స్థితి ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి కూడా రాలేదు. అయితే పదేళ్లలో మూడింట రెండు వంతుల మంది ఎక్కువగా నొప్పి వల్ల ఆపరేషన్‌కే వచ్చారు. అంటే నొప్పి లేని మగవారికి ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం అర్ధరాత్రయినా దగ్గరలోని సర్జన్ ఉన్న ఆసుపత్రికే చేరాలి. అప్పుడు హైదరాబాద్ దాకా ప్రయాణం పెట్టుకోవడమే ప్రాణాంతకం కావచ్చు. ఆడవారికి ఈ వ్యవధి వర్తించదు. వారి గజ్జల్లో వచ్చే ఉబ్బు తొడ మొదట్లో వచ్చే ఫెమొరల్ హెర్నియా అయ్యే అవకాశం మగవారికన్నా ఎక్కువ, అందులో పేగు త్వరగా బిగుసుకుంటుంది. సిగ్గుతో నెలల తరబడి దాచుకోకుండా వారు వెంటనే సర్జన్‌కు చూపించుకోవాలి.