తెల్లారేసరికి చేపలెందుకు తేలుతున్నాయి?

ఎండలు ముదిరాయంటే మన వరంగల్ చుట్టుపక్కల ఏదో ఒక చెరువులో చేపలు చచ్చి తేలాయన్న మాట వినబడుతుంది. వెంటనే ఊరంతా అనేది, ఎవరో మందు కలిపారని. కొన్నిసార్లు అది నిజం కావచ్చు కూడా, కానీ చాలా చెరువులకు ఆ మందు అక్కర్లేదు, మన ఇళ్ల మోరీ నీళ్లే చాలు.

మోరీలో మలమూత్రాలు, సబ్బు నీళ్లు వస్తాయి, పొలాల నుంచి యూరియా, డీఏపీ కొట్టుకొస్తాయి. వాటిలోని నత్రజని, భాస్వరం వరికి ఎంత బలమో నాచుకీ, గుర్రపుడెక్కకీ అంతే బలం. పగలు ఎండకు నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి మాత్రం అదే నాచు, అడుగు బురదను కుళ్లబెట్టే బ్యాక్టీరియా కలిసి, ఉన్న ఆక్సిజన్ కాస్తా లాగేసుకుంటాయి, అందుకే రోజు మొత్తంలో తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ బాగా తక్కువ. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేపకు ఇబ్బంది లేదు, 2కు పడిపోతే బొచ్చె, రవ్వ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటాయి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ కరగడమే తగ్గుతుంది, మే నెలలో అది ఇంకో దెబ్బ. ముదిరాజ్, గంగపుత్ర సొసైటీల వాళ్లు ఏడాదంతా సాకిన చేప ఒక్క రాత్రిలో పోతుంది.

పోయిన సద్దుల బతుకమ్మకు మా అమ్మ నీళ్లలో కాలు పెట్టలేదు. చివరి మెట్టు మీద వంగి వదిలింది, బతుకమ్మ నాచులో ఇరుక్కుని అక్కడే నిలబడిపోయింది. ఒకప్పుడు ఆ నీళ్లే నెత్తిన చల్లుకునేవాళ్లం.

కాకతీయులు కట్టినవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పైన మురుగు చేరితే అదీ ఆ దారినే కిందికి దిగుతుంది. వరంగల్ పట్నంలో ఆ కాలువలే ఇప్పుడు నాలాలు. 2020 ఆగస్టులో, 2023 జులైలో కాలనీలు మునిగినప్పుడు నాలాల కబ్జాల గురించి అందరం మాట్లాడాం, వాన లేని రోజుల్లో వాటిలో ఏం పారుతోందో మాత్రం అడగలేదు.

బోర్ల సంగతి కూడా చెప్పాలి. సెప్టిక్ ట్యాంకుల నుంచి, యూరియా నుంచి దిగే నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు, డబ్బా పాలు తాగే పసిపిల్లలకైతే మరీ ప్రమాదం. కాచి తాగుతున్నాం కదా అని ధైర్యంగా ఉండొద్దు, కాస్తే నైట్రేట్ పోదు.

2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేయడం మొదలుపెట్టారు. పూడిక తీయాల్సిందే, ఎందుకంటే అడుగు మట్టిలో చేరిన భాస్వరం ఏళ్ల తరబడి తిరిగి నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. కానీ ఏ చెరువులోనైనా పూడిక తీసి మోరీని వదిలేస్తే, కొన్నేళ్లకు మళ్లీ అదే బురద. అందుకే నాకు కట్ట మీది వాకింగ్ ట్రాక్, లైట్లు తర్వాతి సంగతి. ముందు మన వార్డు చెరువులోకి ఎన్ని మోరీలు పడుతున్నాయి, అందులో ఎన్నిటిని ఎస్టీపీకి, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకి, మళ్లించారు, ఆ ఎస్టీపీ రోజూ నడుస్తోందా? కార్పొరేటర్ కనబడితే అడగాల్సింది ఈ మూడే.