సీనియారిటీ లిస్టులో లేని కుర్రాడు

తాడే పొగాచార్ అనే పేరు మొదటిసారి విన్నప్పుడు పొగాచారి అనుకున్నాను. మన తెలుగువాళ్లబ్బాయి ఎవరో విదేశాల్లో రాణిస్తున్నాడని కాసేపు మురిసిపోయాను కూడా. తీరా కనుక్కుంటే అతనిది స్లొవేనియా. పోనీ, అదేం నేరం కాదు. అసలు నేరం తర్వాత బయటపడింది. ఈ కుర్రాడు 22 ఏళ్లయినా నిండకుండా, మూడు వారాలు సాగే టూర్ ద ఫ్రాన్స్ అనే సైకిల్ రేసు గెలిచేశాడు. 31 ఏళ్లు సర్వీసు చేసి, అందులో 18 ఏళ్లు ఒకే కుర్చీలో కూర్చుని ప్రమోషన్ కోసం ఎదురుచూసిన మనిషిని నేను. ఇలాంటివి చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు, అందుకే ఈ ఫిర్యాదు.

అతని మీద నాకు వ్యక్తిగతంగా ఏ కక్షా లేదు. నా అభ్యంతరమల్లా పద్ధతి గురించే.

సైకిల్ రేసంటే ఎవరి సైకిల్ వాళ్లు తొక్కుకుంటూ పోవడమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పాపం, వాళ్లకు తెలియదు. అదొక ఆఫీసు. టూర్‌లో ఒక్కో టీముకు 8 మంది ఉంటారు. ఒకడు లీడరు, మిగతావాళ్లు అతని కోసం ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు. వాళ్లను ఫ్రెంచిలో డొమెస్టీక్ అంటారు, అంటే పనివాడు. దాపరికం లేని మాట. మనలాగా జూనియర్ అసిస్టెంట్ అని పేరుపెట్టి మభ్యపెట్టరు. ఈ పనివాడు మండుటెండలో వెనక వస్తున్న టీమ్ కారు దాకా వెళ్లాలి. జెర్సీలో పొట్ట మీదా వీపు మీదా అరడజను నీళ్ల సీసాలు కుక్కుకోవాలి. ఆ బరువుతో మళ్లీ గుంపులోంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చి అందరికీ పంచాలి. ఎదురుగాలి కొడితే లీడరుకు అడ్డంగా ముందుండి ఆ గాలంతా తను తినాలి. వెనక నీడలా వచ్చేవాడికి అంత శ్రమ తప్పుతుంది మరి. లీడరు టైరు పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇవ్వాలి, కాదంటే సైకిలే ఇచ్చేసి రోడ్డు పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. ఇంత చక్కటి వ్యవస్థ మా ఆఫీసులో కూడా ఉండేది. సీసాల బదులు టీ ఫ్లాస్కు, అంతే తేడా.

కొత్తగా ప్రొఫెషనల్ అయిన కుర్రాడికి కనీసం రెండేళ్ల కాంట్రాక్టు ఇవ్వాలని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రూలు కూడా పెట్టింది. అది కుర్రాణ్ని కాపాడటానికని కొందరంటారు. ప్రొబేషన్ కనబడితే గుర్తుపట్టలేని అమాయకుణ్ని కాను నేను.

ఇక కుర్రాడి సర్వీస్ రిజిస్టర్ తీద్దాం.

పుట్టింది 1998 సెప్టెంబరు 21న, కొమెండా దగ్గరి పల్లెలో. తల్లి ఫ్రెంచి టీచరు. తండ్రి కుర్చీల ఫ్యాక్టరీలో ఉద్యోగి. ఈ రెండో సంగతి నన్ను చాలా బాధపెట్టింది. కుర్చీ చేసే ఇంట్లో పుట్టినవాడికే కుర్చీ విలువ తెలియకపోతే ఇక లోకంలో ఎవరికి తెలుస్తుంది? తొమ్మిదేళ్లప్పుడు అన్న వెనకాలే పడి లుబ్లియానాలోని రోగ్ క్లబ్బులో చేరాలని వెళ్లాడు. ఇతని సైజు సైకిల్ అక్కడ లేక కొంతకాలం ఆగాల్సి వచ్చింది. అతని కెరీర్ మొత్తంలో నాకు నచ్చిన ఘట్టం అదొక్కటే.

అక్కడివాళ్లు తరచూ చెప్పుకునే ఒక కథుంది. 2001 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించిన ఆంద్రేయ్ హౌప్ట్‌మన్ ఒకసారి పిల్లల రేసు చూడటానికి వెళ్లాడు. పెద్ద పిల్లలంతా గుంపుగా పోతున్నారు. వాళ్లకు వందమీటర్ల వెనక ఒక బుడతడు ఒంటరిగా రొప్పుతూ తొక్కుతున్నాడు. పాపం, ఆ చిన్నోడికి ఏదైనా సాయం చేయండయ్యా అన్నాడట ఈయన. పక్కవాళ్లు నవ్వి, వాడు వెనకబడలేదు, వాళ్లకంటే ఒక రౌండు ముందున్నాడు, ఇప్పుడు మళ్లీ దాటబోతున్నాడు అన్నారట. అందరూ ఈ కథను మురిపెంగా చెబుతారు. నేను మాత్రం దీన్ని తొలి క్రమశిక్షణ ఉల్లంఘనగా నమోదు చేస్తున్నాను. వెనక ఉన్నట్టు కనబడుతూ ముందుండటం ఏ ఆఫీసులోనూ క్షమించరాని పని. దానికి ఉల్టా అయితే చాలామంది నిక్షేపంగా రిటైరయ్యారు.

2018లో కుర్రాళ్ల టూర్ అనదగ్గ టూర్ ద లావెనీర్ గెలిచాడు. లావెనీర్ అంటే భవిష్యత్తు. అంటే భవిష్యత్తులో చూసుకుందాం, ఇప్పటికి ఊరుకో అని పేరులోనే చెప్పారు. వింటేనా! 2019 జనవరిలో యూఏఈ టీమ్ ఎమిరేట్స్‌లో ఉద్యోగానికి చేరి, ఫిబ్రవరిలో పోర్చుగల్‌లోని అల్గార్వే రేసు పట్టుకుపోయాడు. ఉద్యోగంలో చేరిన రెండో నెల! ఆ వయసులో నాకు స్టేప్లర్ కూడా ఇవ్వలేదు. మే నెలలో టూర్ ఆఫ్ కాలిఫోర్నియా. వరల్డ్ టూర్ అనే అత్యున్నత స్థాయిలో, రోజుకో స్టేజి చొప్పున సాగే రేసు గెలిచినవాళ్లలో అప్పటికి అతనే అందరికన్నా చిన్నవాడు. అతనికి అప్పుడు 20 ఏళ్లు. కాలిఫోర్నియాలో మద్యం కొనాలంటే 21 నిండాలి. బీరు కొనే అర్హత లేనివాడు ఏడు రోజుల రేసు గెలిచి పోడియం ఎక్కాడంటే, ఫైలు చూసిన అధికారులు ఏం చేస్తున్నట్టు?

సెప్టెంబరుకల్లా స్పెయిన్ వుయెల్టాలో దిగాడు. మూడు వారాల రేసు అతనికదే మొదటిసారి. మూడు స్టేజీలు గెలిచి, చివరి శనివారం కొండల్లో ఒంటరిగా పారిపోయి మొత్తం మీద మూడోవాడయ్యాడు. రెండో స్థానంలో ఉన్న వాల్వెర్దేకు 39 ఏళ్లు. ఆయన ప్రొఫెషనల్ అయిన 2002లో ఈ కుర్రాడికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కానీ, ఇక్కడ కొమ్ములు మొలిచింది దూడకి.

అసలు దారుణం 2020లో జరిగింది. ఆ ఏడాది కరోనా వల్ల టూర్ ఆగస్టు 29న మొదలైంది. టీములో సీనియరు ఫాబియో ఆరు, 2015 వుయెల్టా విజేత. పేరుకే ఆరు, తొమ్మిదో స్టేజి దాకా ఉన్నాడు. ఆయన రేసు వదిలేసిన రోజే మనవాడు స్టేజి గెలిచాడు. సీనియరు సెలవు పెట్టిన రోజునే ఇలా చేయడం ఎంత మర్యాద! అంతకుముందు ఏడో స్టేజిలో పక్కగాలికి గుంపు ముక్కలైపోయి 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. వాయుదేవుడికి సర్వీసు రూల్స్ తెలుసు అనుకున్నాను.

అన్ని స్టేజీలూ కలిపి అందరికన్నా తక్కువ సమయం తీసుకున్నవాడు పసుపు జెర్సీ తొడుక్కుంటాడు. అవతల ఆ జెర్సీలో ఉన్నది ప్రిమోజ్ రొగ్లిచ్. అదే స్లొవేనియా, తొమ్మిదేళ్లు పెద్ద. నిజానికి ఆయనది కూడా ల్యాటరల్ ఎంట్రీనే, ముందు స్కీ జంపరు, ఇరవై దాటాక సైకిలెక్కాడు. అయినా వరుసలో నిలబడ్డాడు, నిదానంగా పైకొచ్చాడు, అందుకని క్షమించాను. 11 రోజులుగా పసుపు జెర్సీ ఆయన ఒంటి మీదే ఉంది. ముందూ వెనకా పసుపు నలుపు బట్టల్లో ఆయన టీము, ఊరేగింపులా. మిగిలింది రెండే రోజులు, 57 సెకన్ల ఆధిక్యం. మా ఆఫీసులో అయితే ఆ పాటికి శాలువా కూడా కొనేసేవాళ్లు.

సెప్టెంబరు 19న 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, చివర్లో లా ప్లాంష్ దే బెల్ ఫీయ్ అనే నిటారు కొండ. ఒక్కొక్కరే బయల్దేరాలి. ముందు గాలి ఆపేవాడు ఉండడు, సీసా అందించే పనివాడు ఉండడు. ఆఫీసు లేని రోజు అన్నమాట. రొగ్లిచ్ హెల్మెట్ పక్కకు జరిగి, ముఖం పాలిపోయి కొండెక్కుతుంటే ఇవతల కూర్చున్న నాకు గుండె దడ. ముగింపు దగ్గర ఆయన టీమువాళ్లు స్క్రీన్ వైపు నోరు తెరుచుకుని చూస్తున్న ఫొటో ఉంది. సీనియారిటీ లిస్టు తారుమారైన రోజు మా సెక్షన్లో అచ్చం అవే ముఖాలు. పొగాచార్ ఆ ఒక్క మధ్యాహ్నం రొగ్లిచ్ నుంచి 1 నిమిషం 56 సెకన్లు లాక్కున్నాడు. స్టేజిలో రెండోవాడైన డ్యుమౌలిన్ మీద తేడా 1 నిమిషం 21 సెకన్లు. గాలికి పోయింది అణా పైసలతో సహా రాబట్టుకున్నట్టు!

మర్నాడు ప్యారిస్‌లో పసుపు జెర్సీ, కొండల వీరుడికిచ్చే ఎర్రచుక్కల జెర్సీ, కుర్రాళ్ల తెల్ల జెర్సీ, మూడూ అతనివే. ఇన్‌ఛార్జి కాదు, మూడు పోస్టులూ పర్మనెంటు. ఆ మర్నాడు 22వ పుట్టినరోజు.

అతనికన్నా చిన్న వయసులో టూర్ గెలిచింది ఒక్కరే, 1904లో 19 ఏళ్ల ఆన్రీ కోర్నె. ఈ పేరు వినగానే కొందరు ఎగిరి గంతేసి, చూశారా, పూర్వం కూడా కుర్రాళ్లు గెలిచారు అంటారు. గెలిచింది ఎలాగో అడగండి. ఆయన వచ్చింది ఐదోవాడుగా. మోసాల మీద ఫిర్యాదులొస్తే నెలల తరబడి విచారణ జరిపి పై నలుగురినీ అనర్హుల్ని చేశారు. అప్పుడు ఖాళీ ఏర్పడింది, కోర్నెకు ఇచ్చారు. పద్ధతంటే అదీ! కొండెక్కి లాక్కోవడం కాదు.

అక్టోబరులో బెల్జియంలో జరిగే లియేజ్ అనే ఒకరోజు రేసులో రొగ్లిచ్ మొదటివాడు, పొగాచార్ మూడోవాడు అయినప్పుడు లోకం మళ్లీ గాడిలో పడిందనుకున్నాను. మరుసటి ఏడాది అదే లియేజూ, మళ్లీ టూరూ కుర్రాడే గెలిచాడు. 2024లో ఇటలీ టూర్ అనదగ్గ జీరో ద ఇతాలియా, టూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒకే ఏడాదిలో. 2025 అక్టోబరులో యూరప్ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు, కానీ పోడియం మీద మూడో మెట్టున ఒక ఫ్రెంచి కుర్రాడు నిలబడ్డాడు, వయసు 19. అది చూసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇంతకీ ఈ ఫిర్యాదు. ఏదైనా త్రూ ప్రాపర్ ఛానల్ పోవాలి కాబట్టి, సంతకం కోసం మా పాత ఆఫీసుకే పట్టుకెళ్లాను. నా సీటుకు పైసీట్లో, ఒకప్పుడు నాకు ఫ్లాస్కుతో టీ తెచ్చిన కుర్రాడు కూర్చున్నాడు. మధ్యలో పరీక్ష రాశాడట, నేరుగా పైకొచ్చాడట. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. కాగితాలు మర్యాదగా అందుకుని కట్ట అడుగున పెట్టాడు.

"ముందొచ్చినవి చాలా ఉన్నాయి సార్. మీది కూడా వరుసలో వస్తుంది. కూర్చోండి, టీ తెప్పిస్తాను" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. టీ ఇంకా రాలేదు.