కర్నూలు కదలనంటోంది

తెరమీద తెలుగు అక్షరాన్ని కదిలించడం ఇంత నరకమా? కడపలో కూర్చుని మన లిపి గురించి నిమిషం నిడివి యానిమేషన్ వీడియో చేస్తున్నాను. అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరివచ్చి కుదురుకోవాలి, అంతే. ఇంగ్లీషు మాట ఏదిచ్చినా బుద్ధిగా వచ్చి నిలబడుతుంది. మన ఊళ్ల పేర్లు ఇచ్చి చూడండి! కడపలో ఒత్తూ గుణింతమూ లేవు కాబట్టి బతికిపోయింది. అనంతపురంలో సున్నా, కొమ్ము కాస్త ఆలస్యంగానైనా చేరుకున్నాయి. కర్నూలు దగ్గరే కొంప మునిగింది. 'ర్' పొల్లుతో ఒక మూల, 'నూ' ఇంకో మూల. నావత్తు గల్లంతు! ఇక 'రాష్ట్రం' సంగతి అడగకండి.

కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఈ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. గత్యంతరం లేక ఒక్కో అక్షరాన్నీ బొమ్మగా మార్చి చేత్తో కదుపుతున్నాను. సెకనుకు 25 ఫ్రేములు, నిమిషానికి 1500. వీడియో అడిగిన పెద్దమనిషేమో రోజూ ఫోను చేసి, "అక్షరాలే కదా సార్, ఇన్నాళ్లా?" అంటాడు. తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే 6వ శతాబ్దపు కలమళ్ల శాసనం కూడా కదలాలట, మన జిల్లాదే కదా అని! రాతిమీద చెక్కినవాడి పనే నయం.

నిన్న ఇంకో కోరిక. ఫాంటు నచ్చలేదట, మార్చాలట. బొమ్మలైపోయిన అక్షరాలకు ఫాంటు ఎలా మారుతుంది? మొత్తం మళ్లీ మొదటికి.