జొన్న దోశ పిండి

(కూకట్‌పల్లిలో ఓ ఫ్లాట్. శేషగిరి రిటైరై 3 నెలలైంది. మగాడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే వచ్చేవి రెండే: మోకాళ్ల నొప్పులు, బిజినెస్ ఐడియాలు. ఈయనకి మోకాళ్లు బాగానే ఉన్నాయి.)

శేషగిరి: లెక్క వేసేశాను విమలా. పెద్ద గ్రైండరు, డీప్ ఫ్రీజరు, కింద షాపుకి అడ్వాన్సు. పీఎఫ్‌లోంచి 4 లక్షలు తీస్తే చాలు.

విమల: కొనేదెవరండీ?

శేషగిరి: మన అపార్ట్‌మెంట్లో 20 మందిని అడిగాను. 20 మందీ కొంటామన్నారు!

విమల: ఏమని అడిగారు?

శేషగిరి: షుగరుకి మంచిది, జొన్న దోశ పిండి పెడుతున్నాను, తీసుకుంటారా అని.

విమల: లిఫ్టులో నిలబెట్టి పెద్దాయన అడిగితే కాదనేదెవరు? పెళ్లిచూపుల్లో "అమ్మాయికి వంట వచ్చా" అంటే మా నాన్న కూడా వచ్చనే అన్నాడు.

శేషగిరి: ఆ సంగతి 34 ఏళ్లుగా తింటూనే ఉన్నాగా.

విమల: "పోయిన వారం పిండి ఎక్కడ కొన్నారు, ఎంతయింది, ఏం నచ్చలేదు?" అని అడగాలి. నేను ఇంట్లో చీరలమ్మిన రోజుల్లో "ఎంత బాగుందో వదినా" అన్నవాళ్లు ఒక్కటీ కొనలేదు. "ఈ జరీకి ఇంత రేటా?" అని మూతి తిప్పినవాళ్లే రెండేసి పట్టుకెళ్లారు.

శేషగిరి: అయితే ఏం చెయ్యమంటావ్?

విమల: మన ఇంటి గ్రైండర్లోనే రుబ్బుదాం. రోజుకి 10 ప్యాకెట్లు, అరకిలో 60 రూపాయలు. ఒక్క వారం. అప్పు లేదు, ఫ్రీ లేదు.

శేషగిరి: 10 ప్యాకెట్లా! దాన్ని కంపెనీ అంటారా ఎవరైనా?

విమల: అబ్బాయి చెప్పలేదూ, అమెరికాలో ఆన్‌లైన్లో బూట్లమ్మే జాపోస్ కంపెనీ సంగతి? 1999లో మొదలుపెట్టినప్పుడు దాని ఓనరు దగ్గర బూట్ల స్టాకే లేదట. షాపులకెళ్లి ఫొటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టాడు. ఆర్డరొస్తే ఆ షాపులోనే కొని పంపాడు.

శేషగిరి: అలా అమ్మితే మిగిలేదేముంది?

విమల: జనం బూట్లు చూడకుండా కొంటారని తెలిసిందిగా! గోడౌన్ కట్టాక తెలుసుకుంటే ఎంతయ్యేదో.

శేషగిరి: ఎంత చిన్నదైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, దాని రిజిస్ట్రేషన్ ఉండాలి. తెలుసా నీకు?

విమల: ఏడాదికి 100 రూపాయలు. ముందు అది కట్టి రండి.

(రిజిస్ట్రేషన్ వచ్చింది. వారం అమ్మకమూ అయింది. విమల క్యాలెండరు వెనక రాసుకున్న లెక్క తీసింది.)

విమల: మొదటి రోజు 10కి 9 పోయాయి. మూడో రోజుకి 4. 203 వాళ్లకి పెనానికి అంటుకుపోతోందట. 401లో పిల్లలు ముట్టలేదు. 305 ఆవిడ "చాలా బాగుంది" అంది, మళ్లీ తలుపు తియ్యలేదు.

శేషగిరి: మరి ఆ నాలుగు? రోజూ తప్పకుండా పోతున్నాయిగా! అదీ డిమాండంటే.

విమల: నాలుగూ వాచ్‌మనే కొన్నాడు.

శేషగిరి: పాపం, షుగరేమో.

విమల: అతనింట్లో పెనమే లేదు. నిన్న వాళ్లావిడని అడిగాను.

శేషగిరి: ...ఎవరికైనా పంచుతున్నాడేమోలే.

విమల: ఇంకో సంగతి. పిండితో పాటు చిన్న డబ్బాలో అల్లం పచ్చడి ఊరికే ఇచ్చానా, ఏడుగురు వచ్చి అది విడిగా అమ్ముతారా అని అడిగారు. ఇద్దరు డబ్బు కూడా చేతిలో పెట్టారు.

శేషగిరి: పచ్చడా? మరి నేను కొట్టించిన 2000 స్టిక్కర్లు?

విమల: స్టిక్కర్లా? ఎప్పుడు కొట్టించారు?

శేషగిరి: 20 మందీ కొంటామన్న రోజునే.

(కింద నుంచి వాచ్‌మన్ కేక: "సార్! మీ స్కూటర్ డిక్కీలోంచి తెల్లగా ఏదో పొంగి కారుతోంది సార్! వాసనొస్తోంది! మళ్లీ నన్నే కడగమంటారా?")

విమల: ఏమండీ... ఎన్ని ప్యాకెట్లున్నాయి అందులో?

శేషగిరి: పిండి మాత్రం బాగా పులిసిందే. ఆ క్వాలిటీ కూడా రాసుకో.