పదికి పది రేటింగ్ ఎవరి గురించి చెప్తోంది?

డాలస్ చుట్టుపక్కల మన వాళ్ళు ఇల్లు వెతకడం మొదలుపెడితే ధర తర్వాత అడిగే మొదటి ప్రశ్న "స్కూల్ రేటింగ్ ఎంత?" జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి ఇళ్ళ అమ్మకాల సైట్లలో ఇంటి వివరాల కింద గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఆ బడికి పదికి ఇచ్చిన అంకె ఉంటుంది. తొమ్మిదో పదో ఉంటే వెళ్ళి చూస్తారు. ఆరు ఉంటే ఆ కాలనీ వైపే వెళ్ళరు. ఆ అంకె దేన్ని కొలుస్తోందో అడిగినవాళ్ళు మాత్రం నాకు చాలా తక్కువగా తగిలారు. లక్షల డాలర్ల అప్పు, పిల్లల పన్నెండేళ్ళ చదువు దాని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ఈ రేటింగుల్లో పెద్ద భాగం పరీక్ష మార్కులే. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ బృందం దేశమంతటా మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల మార్కులను ఒకే కొలత మీదికి తెచ్చి స్కూల్ డిస్ట్రిక్టులను, అంటే ఒకే బోర్డు కింద నడిచే బడుల ప్రాంతాలను, పోల్చింది. సగటు మార్కులు అక్కడి కుటుంబాల ఆదాయంతో, తల్లిదండ్రుల చదువుతో చాలా గట్టిగా ముడిపడి ఉన్నాయని తేలింది. పిల్లలు ఏడాదికేడాది ఎంత ముందుకెళ్తున్నారన్నదానికీ డబ్బుకీ మాత్రం అంత సంబంధం కనిపించలేదు. మార్కుల సగటు తక్కువగా ఉండే షికాగోలోనే, 2009-2014 మధ్య మూడో తరగతి నుంచి ఎనిమిదికి వచ్చిన పిల్లలు ఐదేళ్ళలో సుమారు ఆరేళ్ళ చదువుకు సమానంగా ముందుకెళ్ళారు. అక్కడి టీచర్ల కష్టం సగటు మార్కులు చూసేవాళ్ళకి కనపడదు.

మన పిల్లల సంగతే చూడండి. సాయంత్రం కుమాన్ ట్యూషన్, శనివారం మ్యాథ్ క్లాస్, వేసవిలో వచ్చే ఏడాది సిలబస్. ఆ పిల్లవాడు టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుంటే అందులో బడి వాటా ఎంత, ట్యూషన్ వాటా ఎంత, దగ్గర కూర్చుని చదివించిన అమ్మానాన్నల వాటా ఎంత? ఏ రేటింగూ వీటిని విడదీయదు. మొత్తం పేరు బడికే వెళ్తుంది. ఆ పేరు చూసి అలాంటి కుటుంబాలే మళ్ళీ అక్కడికి వస్తాయి, ఇళ్ళ ధరలు ఇంకా పెరుగుతాయి.

గ్రేట్‌స్కూల్స్ వాళ్ళు కూడా 2017 నుంచి పిల్లల పురోగతినీ, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లల ఫలితాలనూ కలుపుతున్నారు. పేజీ లోపలికి వెళ్తే విడివిడిగా ఉంటాయి. ఇళ్ళ సైట్లో మాత్రం మన కంటికి ఆనేది ఒక్క అంకే. టెక్సస్ ప్రభుత్వం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లలోనూ ఇలాంటి మెలికే ఉంది. మొత్తం గ్రేడ్‌లో 70 శాతానికి విద్యార్థుల ఫలితాలు, పురోగతి అనే రెండింటిలో ఏది ఎక్కువ ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంటే పిల్లల పురోగతి అంతంతమాత్రంగా ఉన్నా ఫలితాల బలంతో "ఏ" గ్రేడే రావచ్చు. అందుకే పురోగతి గ్రేడ్ విడిగా చూడమని అడిగినవాళ్ళందరికీ చెప్తాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. "ఆ స్కూల్ డెమోగ్రఫీ బాగోదు" అని మన వాళ్ళు ఎంత మామూలుగా అనేస్తారో! దాని అర్థం ఏమిటో అన్నవాళ్ళకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు. అక్కడ నల్లజాతి పిల్లలో, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలో ఎక్కువగా ఉన్నారని. పాఠం ఎలా చెప్తున్నారో చూడకుండా, బెంచీ మీద ఎవరు కూర్చున్నారో చూసి బడికి విలువ కట్టడం తప్పు. మన రంగు చూసి, మన యాస విని మనల్ని ఎవరైనా ఇలా తూస్తే ఊరుకుంటామా?

నా వరకు ఒక డిస్ట్రిక్ట్ మంచిదా కాదా అన్నది చదువులో ఇబ్బంది పడే పిల్లవాడి దగ్గర తేలుతుంది. టెక్సస్‌లో ఏళ్ళ తరబడి స్పెషల్ ఎడ్యుకేషన్ (చదువులో ప్రత్యేక సాయం) అందే పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు రాష్ట్రం ఒక లక్ష్యం పెట్టింది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది. అది చట్టాన్ని ఉల్లంఘించడమేనని 2018లో అమెరికా కేంద్ర విద్యాశాఖ తేల్చింది. అన్నేళ్ళూ మంచి రేటింగులు వస్తూనే ఉన్నాయి. మా స్నేహితుల బాబుకి మాటలు ఆలస్యం. వాళ్ళుండేది చాలా పేరున్న డిస్ట్రిక్ట్. ప్రత్యేక సాయం అవసరమో లేదో పరీక్షించమని బడిని నోటితో అడిగినన్నాళ్ళూ "కొన్నాళ్ళు చూద్దాం" అనే జవాబు. కాగితం మీద రాసిచ్చాకే కదలిక వచ్చింది. రాసిస్తే 15 బడి రోజుల్లోగా జవాబివ్వాలన్నది ఇక్కడి నిబంధన. దయచేసి ఎవరూ నోటిమాటతో సరిపెట్టకండి.

ఇక టీచర్లు. ఏటా ఎంతమంది మానేస్తున్నారు, ఉన్నవాళ్ళకి ఎంత అనుభవం ఉంది, ఎంతమంది పిల్లలు పదిశాతం లేదా అంతకన్నా ఎక్కువ రోజులు బడి మానేస్తున్నారు, ఇవన్నీ టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ప్రతి డిస్ట్రిక్ట్ పనితీరు మీదా ఇచ్చే టీఏపీఆర్ అనే రిపోర్టులో ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇల్లు కొనేటప్పుడు కిచెన్ కౌంటర్ రాయి గురించి గంటలు గంటలు చర్చిస్తాం, ఇది మాత్రం తెరవం. టీచర్లు నిలవని చోట మంచి కార్యక్రమాలు కూడా నిలవవు.

పైగా ఈ రోజు చూసిన బడి రేపు ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. డాలస్ పక్కనున్న ప్లేనోలో పిల్లల సంఖ్య తగ్గిందని 2024లో అక్కడి స్కూల్ బోర్డు నాలుగు బడులను మూసేయాలని తీర్మానించింది. బడులు మూసినా, సరిహద్దులు మార్చినా ఆ నిర్ణయాలు బోర్డు మీటింగుల్లోనే జరుగుతాయి. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ బోర్డు ఎన్నికల్లో ఓటు లేదు, నిజమే. కానీ మన ప్రాపర్టీ ట్యాక్స్‌లో సాధారణంగా పెద్ద వాటా స్కూళ్ళకే వెళ్తుంది, అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు.

వచ్చే నెల మా డిస్ట్రిక్ట్ బోర్డు బడ్జెట్ మీద చర్చిస్తోంది. స్పీచ్ థెరపిస్టు పోస్టుల గురించి అడగడానికి నేను వెళ్తున్నాను. దగ్గరలో ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తానంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి, కలిసే వెళ్దాం.